పసిఫికా 112కి బ్రిడ్జ్ పికప్ ఏది వెయ్యాలి: జేబీనా, సూపర్ డిస్టార్షనా, ఈఎంజీనా?

తమ్ముడూ, నీ ప్రశ్న పొడుగ్గా ఉంది, తర్వాత వచ్చి చదివేవాళ్ళ కోసం ముందు రెండు ముక్కల్లో చెప్తా. నీ దగ్గర యమహా పసిఫికా 112వీ ఎలక్ట్రిక్ గిటార్ ఉంది. తీగల ఊపుని కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్‌లు మూడు: తీగలు చివర ఆనే బ్రిడ్జ్ దగ్గర హంబకర్ (రెండు కాయిల్స్ కలిసింది), మిగతా రెండూ సింగిల్ కాయిల్స్. రిసెప్షన్లు, కాలేజీ ఫెస్టులు వాయిస్తావు. ఆంప్ లేదు, మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ నుంచి నేరుగా మిక్సర్‌లోకే. బ్రిడ్జ్ పికప్ మీద సోలో ఎత్తుకుంటే పల్చగా, కీచుగా వస్తోంది, కీబోర్డు అబ్బాయి రెండు చేతులూ పెట్టాడంటే నువ్వు వినపడటమే లేదు. సీమోర్ డంకన్ జేబీ, డిమార్జియో సూపర్ డిస్టార్షన్, ఈఎంజీ 81, ఈ మూడిట్లో ఏది వెయ్యమంటావు అన్నా అని అడిగావు.

ఆ మూడిట్లోనే అయితే సూపర్ డిస్టార్షన్, అది కూడా ఎఫ్-స్పేస్డ్ మోడల్ (వెడల్పు కొంచెం ఎక్కువది, కొలత కింద చెప్తా). జేబీ మంచి పికప్పే కానీ నీ జబ్బుకి మందు అది కాదు. ఈఎంజీ 81 ఆ గిటార్లో పెట్టకు. మూడూ వదిలేసి అడిగితే డిమార్జియో టోన్ జోన్ కూడా లిస్టులో పెట్టుకోమంటా, ఎందుకో కింద చెప్తా. కానీ కొనేముందు ఒక గంట పని ఉంది, దాదాపు ఖర్చులేని పని, అది చెయ్యకుండా మాత్రం ఆర్డర్ పెట్టొద్దు. పికప్ మార్చండి అని నా బెంచ్ మీదకొచ్చే గిటార్లలో చాలావాటికి పికప్ మార్చక్కర్లేదు, సెట్ చేసి ఇచ్చేస్తే సరిపోతుంది. నాకు బేరం పోయినా నిజం అదే.

ముందు ప్రాసెసర్ సంగతి చూడు. గిటార్ ఆంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ మామూలు స్పీకర్ లాంటిది కాదు, 5 కిలోహెర్ట్జ్ దాటాక దాదాపు చేతులెత్తేస్తుంది. డిస్టార్షన్‌లో పుట్టే ఇసక గీకినట్టుండే సౌండంతా ఆ పైనే ఉంటుంది, గిటార్ స్పీకర్ దాన్ని మింగేస్తుంది కాబట్టి ఆంప్ ముందు నిలబడితే మనకి తియ్యగా వినపడుతుంది. ఫంక్షన్ హాల్లో జనం వైపు పెట్టే పెద్ద స్పీకర్లలో, అంటే పీఏ టాప్స్‌లో, ట్వీటర్లు ఉంటాయి, అవి దేన్నీ మింగవు, ఉన్నదున్నట్టు జనం చెవుల్లో పోస్తాయి. అందుకని గిటార్ స్పీకర్‌ని అనుకరించే క్యాబ్ సిమ్యులేషన్ ప్రాసెసర్లో ఆన్‌లో ఉందా లేదా చూడు. చాలా ప్రాసెసర్లలో ఇది ప్యాచ్‌లో (సేవ్ చేసుకున్న సౌండ్‌లో) కాకుండా గ్లోబల్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ మోడ్ అని దాక్కుని ఉంటుంది, అక్కడ ఆంప్ అని ఉంటే క్యాబ్ ఆఫ్ అయిపోతుంది, లైన్ అనో పీఏ అనో ఉండాలి. క్యాబ్ ఉన్నా సరే దాని తర్వాత ఒక ఈక్యూ పెట్టి 5.5, 6 కిలోహెర్ట్జ్ పైన కట్ చెయ్యి, కింద 80 నుంచి 100 హెర్ట్జ్ దాకా కట్ చెయ్యి. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో కొంచెం మూసేసినట్టు అనిపిస్తుంది, భయపడకు, బ్యాండుతో కలిసినప్పుడు అదే కరెక్టుగా కూర్చుంటుంది. ఇంకో మాట, సోలో ప్యాచ్‌లో మిడ్స్, అంటే మధ్య ఫ్రీక్వెన్సీలు, సున్నాకి లాగేసి బాస్, ట్రెబుల్ పెంచి ఉంటే గదిలో ఒక్కడివే వాయించినప్పుడు అదిరిపోతుంది, స్టేజి మీద గల్లంతే. గిటార్ నివాసం ఉండేదే మిడ్స్‌లో, వాటిని తీసేసుకుని కీబోర్డు తొక్కేస్తున్నాడంటే ఎలా?

రెండోది, నువ్వు చివర్లో ఎక్కడో ఒక ముక్క రాశావు, ఈమధ్య ప్లగ్-ఇన్ వైర్‌లెస్ తీసుకున్నా అని. ఎప్పటినుంచి కీచుమంటోందో గుర్తు తెచ్చుకో. గిటార్ కేబుల్‌కి కెపాసిటెన్స్ ఉంటుంది, మీటరుకి సుమారు 100 పికోఫారడ్లు అనుకో, 6 మీటర్ల కేబుల్ అంటే 600. పికప్ అంటే వేల చుట్ల తీగ, దానికి ఇండక్టెన్స్ ఉంటుంది. ఈ రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర కొండలా లేస్తాయి, ఆ కొండ దాటాక ట్రెబుల్ పడిపోతుంది. మామూలు పాతకాలం తరహా హంబకర్ నాలుగున్నర హెన్రీలు అనుకుని, పికప్ లోపలి కెపాసిటెన్స్ కూడా కలిపి మొత్తం 700 పికోఫారడ్లు అని లెక్కేస్తే ఆ కొండ 2.8 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది. వైర్‌లెస్ పెట్టావంటే కేబులే లేదు, మొత్తం 250 అనుకుంటే అదే కొండ 4.7 కి ఎగిరి కూర్చుంటుంది. అదే గిటారు, అదే పికప్పు, సౌండు మాత్రం వేరే. గుంటూరు నుంచి చర్చిలో వాయించే ఒకాయన ఇలాగే పికప్ పాడైందని వచ్చాడు, వైర్‌లెస్ పీకేసి నా కేబుల్ గుచ్చి వినిపించాక ఇంకేం మాట్లాడకుండా గిటార్ తీసుకుని వెళ్ళిపోయాడు. కొన్ని వైర్‌లెస్‌లలో కేబుల్ టోన్ అని సెట్టింగ్ ఉంటుంది, నీదాంట్లో ఉందేమో చూడు, లేకపోతే కేబుల్‌తో ఒక షో వాయించి పోల్చుకో.

మూడోది పికప్ ఎత్తు. ఇది ఎవడూ పట్టించుకోడు, కానీ స్క్రూడ్రైవర్ ఒక్కటీ ఉంటే చాలు. లావు E తీగని ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, తీగ అడుగు నుంచి పికప్ పోల్ పీస్ (తీగ కింద కనపడే ఇనప గుండీ) దాకా ఎంత ఖాళీ ఉందో చూడు. స్కేలుతో కనపడదు, అందుకని ఏటీఎం కార్డులు వాడు. ఒక కార్డు మందం 0.76 మి.మీ, అక్షరాలు ఉబ్బెత్తుగా లేని చోట రెండు కలిపితే ఒకటిన్నర, మూడు కలిపితే రెండుంపావు దాటుతుంది. సన్న తీగ వైపు రెండు కార్డులు బిగుతుగా దూరాలి, లావు తీగ వైపు రెండు వదులుగా దూరి మూడోది ఆగిపోవాలి. హంబకర్‌కి మొదలుపెట్టడానికి ఇది మంచి చోటు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే గిటార్లలో బ్రిడ్జ్ పికప్ ఒక్కోసారి మరీ కిందకి ఉంటుంది, దాంతో మిగతా రెండింటికన్నా బలహీనంగా, గాలిలో తేలినట్టు పల్చగా వినపడుతుంది. పావు చుట్టు చొప్పున పైకి తెస్తూ విను. బ్రిడ్జ్ దగ్గర తీగ ఊగేదే చాలా తక్కువ, నెక్ దగ్గర ఊగినంత ఊగదు, అందుకే అక్కడ ఎత్తులో చిన్న తేడా కూడా చెవికి పెద్దగా తెలుస్తుంది. దగ్గరికి తెస్తే ఒళ్ళు పెరుగుతుంది, మరీ దగ్గరికి తెస్తే పిక్ తగిలిన దెబ్బ ముందు వినపడి సుస్వరం తర్వాత వినపడుతుంది, అక్కడ ఆగి కొంచెం వెనక్కి తిప్పు.

నాలుగోది రూపాయి ఖరీదు చేసే ప్రయోగం. నీ గిటార్లో వాల్యూమ్ పాట్, అంటే నాబ్ కింద ఉండే రెసిస్టర్, ఎక్కువశాతం 500కే (500 కిలో ఓమ్‌లు) ఉంటుంది, విప్పినప్పుడు వెనకాల రాసి ఉంటుంది చూడు. పాట్ అంటే ట్యాంకుకి అడుగున ఉన్న చిన్న లీకు అనుకో, ట్రెబుల్ అందులోంచి ఎప్పుడూ కొంచెం కొంచెం కారిపోతూనే ఉంటుంది, 500కే అంటే సన్న లీకు, 250కే అంటే పెద్ద లీకు. హంబకర్ మామూలుగానే కొంచెం బరువైన సౌండు కాబట్టి 500కే వేస్తారు, సింగిల్ కాయిల్‌కి 250కే వేస్తారు. నీది బ్రిడ్జ్ ఒక్కటే కీచుమంటోంది కాబట్టి పాట్ మార్చక్కర్లేదు, బ్రిడ్జ్ పికప్ హాట్ వైరు (సిగ్నల్ వచ్చే వైరు) స్విచ్ మీద ఎక్కడ అతికి ఉందో అక్కడి నుంచి గ్రౌండ్‌కి ఒక 470కే రెసిస్టర్ వెయ్యి. 500కే, 470కే రెండూ పక్కపక్కన ఉంటే పికప్‌కి 242కే లాగా కనపడుతుంది. ఎలక్ట్రానిక్స్ షాపులో అడిగితే పావు వాటు రెసిస్టర్లు పది కలిపి ఇస్తాడు, ఒకటి ఇమ్మంటే నవ్వుతాడు. ఇది వేశాక ఆ కొండ శిఖరం కొంచెం అరుగుతుంది, గుచ్చుకోవడం తగ్గుతుంది. నచ్చకపోతే ఒక కాలు కత్తిరిస్తే పాత సౌండు వచ్చేస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా ఒళ్ళు లేదు అనిపిస్తే అప్పుడు పికప్ మార్చు.

ఇక అసలు సంగతి. అవుట్‌పుట్ ఎక్కువ కావాలని పికప్ కొనకు, మిడ్స్‌లో ఏ భాగం ముందుకి రావాలో దాన్ని బట్టి కొను. ఎక్కువమంది దీన్ని తిరగేసి ఆలోచిస్తారు. అందులో తప్పేం లేదు, చరిత్ర అలా నడిచింది. హంబకర్‌ని గిబ్సన్‌లో సేథ్ లవర్ తయారుచేసింది హమ్ (కరెంటు వల్ల వచ్చే గుంయ్ శబ్దం) పోగొట్టడానికి, 1957 నుంచి గిటార్లలో వేశారు, పీఏఎఫ్ అని పిలుస్తాం కదా అవి. అవి మరీ వేడి, అంటే అవుట్‌పుట్ ఎక్కువున్న, పికప్‌లేం కాదు, ఏడున్నర నుంచి తొమ్మిది కిలో ఓమ్‌ల మధ్య ఉంటాయి. తర్వాత రాక్ వాళ్ళకి ఆంప్‌ని పగలగొట్టేంత సిగ్నల్ కావాల్సొచ్చింది, అప్పటి ఆంప్‌లలో గెయిన్ అంత ఉండేది కాదు, సరిగ్గా అప్పుడు 1972లో డిమార్జియో సూపర్ డిస్టార్షన్ వచ్చింది. విడిగా కొనుక్కుని మన గిటార్లో మనమే వేసుకునే పికప్ అనే బేరం దాంతోనే మొదలైంది. దాని పని ఆంప్ ముందు గెయిన్ పెంచడం. నీ ప్రాసెసర్లో మాత్రం గెయిన్‌కి కరువు లేదు, నాబ్ సగం తిప్పితేనే కూత మొదలవుతుంది. పైగా చవక ప్రాసెసర్లకి మరీ వేడి సిగ్నల్ ఇస్తే ఇన్‌పుట్ దగ్గరే డిజిటల్‌గా పగిలిపోతుంది, క్లీన్ ప్యాచ్‌లో కూడా టపటపా అంటుంది, అది ఏ ఈక్యూతోనూ పోదు.

మరి సూపర్ డిస్టార్షన్ ఎందుకు చెప్పానంటే దాని వేడి కోసం కాదు, దాని ఆకారం కోసం. సెరామిక్ మాగ్నెట్, 13.7 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటుంది, కింద మిడ్స్ నిండుగా ఉంటాయి, పై మిడ్స్ గుచ్చుకోవు, పామ్ మ్యూట్ (అరచెయ్యి తీగల మీద ఆనించి) కొడితే గట్టిగా కొట్టుకుంటుంది. నీ గిటార్ బాడీ ఆల్డర్, బ్రిడ్జ్ స్ట్రాట్ తరహాది, మొత్తంమీద తేట సౌండు. అలాంటి గిటార్లో నిండుదనం నింపే పికప్ కూర్చుంటే బ్యాలెన్స్ అవుతుంది. దీన్ని కొంచెం కిందకి దించి పెట్టుకుంటే అవుట్‌పుట్ తగ్గుతుంది, ఆకారం పెద్దగా మారదు, సింగిల్స్‌తో వాల్యూమ్ తేడా కూడా తగ్గుతుంది.

జేబీ ఎందుకు వద్దన్నానంటే, అది ఆల్నికో 5 మాగ్నెట్, 16.4 కిలో ఓమ్‌లు, అందరూ వాడతారు, ఎన్నో రికార్డుల్లో ఉంది, వంక పెట్టడానికి నేనెవర్ని. కానీ దానికి పై మిడ్స్‌లో ఒక ముక్కు ఉంటుంది, సోలోలో తీగ వంచినప్పుడు పాడినట్టు అరుస్తుంది. మహోగని గిటార్లో అది అందంగా ఉంటుంది. తేట గిటార్లో, 500కే పాట్‌తో, పీఏ ట్వీటర్లోంచి వస్తే నువ్వు ఏదైతే వద్దంటున్నావో సరిగ్గా అదే చోట గుచ్చుతుంది. ఇప్పటికే స్ట్రాట్ తరహా గిటార్లో జేబీ వేసుకున్నవాళ్ళు చదువుతుంటే పైన చెప్పిన 470కే రెసిస్టర్ ప్రయత్నించండి, స్ట్రాట్‌లో జేబీకి 250కే పాట్ వెయ్యడం పాత అలవాటే. నీ ఫ్రెండు గిటార్లో జేబీ బ్రహ్మాండంగా ఉందని రాశావు, అతనిది లెస్ పాల్ తరహా గిటారు, అక్కడ బాగున్నది ఇక్కడ బాగుంటుందని లేదు.

ఈఎంజీ 81 గురించి ఎక్కువ చెప్పను. అది యాక్టివ్ పికప్, 9 వోల్టుల బ్యాటరీ కావాలి, 25కే పాట్స్ కావాలి. 500కే పాట్ మీద వేస్తే నాబ్ స్విచ్‌లా పనిచేస్తుంది, 25కే వేస్తే నీ సింగిల్ కాయిల్స్ రెండూ దుప్పటి కప్పినట్టు అయిపోతాయి. జాక్ స్టీరియోది మార్చాలి, బ్యాటరీకి చోటు చూడాలి, చివరికి స్ప్రింగులుండే గాడిలో స్పాంజి చుట్టి ఇరికిస్తారు. పైగా మూడు పికప్‌ల గిటార్లో ఒక్కటే యాక్టివ్ అంటే స్విచ్ మార్చినప్పుడల్లా గోల. మెటల్ ఒక్కటే వాయించేవాడు మూడూ యాక్టివ్‌లే వేసుకుంటే అది వేరే కథ. నువ్వు ఒకే షోలో మెలొడీలు, మాస్ పాటలు, మధ్యలో ఎవరో అడిగిన రాక్ పాట అన్నీ వాయించాలి.

టోన్ జోన్ అన్నాను కదా. అదీ డిమార్జియోదే, ఆల్నికో 5, 17 కిలో ఓమ్‌ల దగ్గర, కింద భాగం, కింద మిడ్స్ చాలా బరువు. పల్చటి గిటార్‌కి ఒళ్ళు తెప్పించడంలో దీని తర్వాతే ఏదైనా. కాకపోతే బాస్ గిటారూ, కీబోర్డు ఎడమ చెయ్యీ ఉండే బ్యాండులో కింద మిడ్స్ మరీ ఎక్కువైతే అందరూ కలిసి ముద్దైపోతారు, సబ్ ఊఫర్లు నాలుగు పెట్టే మన ఫంక్షన్ హాళ్ళలో ఇంకా ముద్ద. అందుకే సూపర్ డిస్టార్షన్‌కి ఫస్ట్ ఓటు వేశా. నీ బ్యాండులో బాస్ గిటార్ లేకపోతే, చాలా రిసెప్షన్ బ్యాండ్లలో బాస్ కీబోర్డులోంచో ట్రాక్‌లోంచో వస్తుంది కదా, అప్పుడు టోన్ జోన్ వైపు మొగ్గినా తప్పులేదు. కింద కామెంట్లలో ఎవరో డంకన్ '59 వెయ్యమని రాశారు, మంచి పికప్, నాకు ఇష్టమైనది కూడా, కానీ బ్రిడ్జ్‌లో దానికి మిడ్స్ కొంచెం లోపలికి ఉంటాయి, పైన మెరుపు ఎక్కువ. ఈ తమ్ముడి సమస్య ఇంకా పెరుగుతుంది.

కిలో ఓమ్‌ల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అందరూ ఆ నంబరు చూసే కొంటున్నారు. డీసీ రెసిస్టెన్స్ అనేది పికప్ బలం కాదు. అది తీగ ఎంత పొడుగు, ఎంత సన్నం అన్నది మాత్రమే చెప్తుంది. 42 గేజ్ తీగ బదులు అంతకన్నా సన్నటి 43 గేజ్ తీగతో అన్నే చుట్లు చుడితే నంబరు పెరుగుతుంది, సౌండు అంత పెరగదు. మాగ్నెట్ గురించి ఆ నంబరుకి తెలీనే తెలీదు. ఆల్నికో 2 మెత్తగా, కొంచెం లోపలికి నొక్కుకున్నట్టు ఉంటుంది, ఆల్నికో 5 గట్టిగా తేటగా, సెరామిక్ ఇంకా బిగుతుగా ఉంటుంది అని మోటుగా చెప్పుకుంటాం, అదీ పూర్తి నిజం కాదు, చుట్లతో కలిపి చూడాలి. ఇండక్టెన్స్ నంబరు దొరికితే అది ఎక్కువ పనికొస్తుంది, జేబీ లాంటివి 8 హెన్రీల చుట్టుపక్కల ఉంటాయి, పైన చెప్పిన అదే 700 పికోఫారడ్లతో లెక్కేస్తే కొండ 2.1 కిలోహెర్ట్జ్‌కి దిగుతుంది, అందుకే ఎక్కువ చుట్లున్న పికప్ మిడ్స్ ముందుకొచ్చినట్టు, పైన మూసినట్టు వినపడుతుంది.

ఇంకో తమాషా. రాగి తీగ రెసిస్టెన్స్ వేడితో పెరుగుతుంది, డిగ్రీకి 0.39 శాతం చొప్పున. 20 డిగ్రీల ఏసీ గదిలో 8 కిలో ఓమ్‌లు చూపించే పికప్ మే నెలలో బెజవాడలో 40 డిగ్రీల గదిలో 8.6 చూపిస్తుంది. నా దగ్గరికి వేసవిలో వచ్చి, అన్నా కంపెనీ చెప్పిన దానికన్నా ఎక్కువ చూపిస్తోంది, డూప్లికేటేమో అంటారు. పంకా కింద కూర్చుని మంచినీళ్ళు తాగమంటా.

నీ గిటార్లో ఇప్పుడున్న పికప్ ఎంతో విప్పకుండానే కొలవొచ్చు. గిటార్‌కి కేబుల్ గుచ్చు, స్విచ్ బ్రిడ్జ్ మీద పెట్టు, వాల్యూమ్, టోన్ ఫుల్, మల్టీమీటర్ 20కే రేంజ్‌లో పెట్టి కేబుల్ రెండో చివర జాక్ కొనకి ఒక ప్రోబు, పొడుగు భాగానికి ఇంకో ప్రోబు. పాట్ పక్కన ఉంటుంది కాబట్టి అసలు దానికన్నా కొంచెం తక్కువ చూపిస్తుంది, 8కే పికప్ 500కే పాట్‌తో 7.87 వస్తుంది. కాయిల్ స్ప్లిట్ నాబ్ (హంబకర్లో ఒక కాయిల్‌ని ఆపేసేది) పైకి లాగితే దాదాపు సగానికి పడాలి. పడకపోతే, లేదా ముందే సగం చూపిస్తుంటే, ఒక కాయిల్ తెగిపోయో స్ప్లిట్ ఇరుక్కుపోయో ఉంది, నీ పల్చటి సౌండ్‌కి అదే కారణం కావచ్చు. పుష్-పుల్ పాట్ దుమ్ము పట్టి స్ప్లిట్‌లోనే ఉండిపోయిన గిటార్లు నేను చూశాను. ఈ కొలత అన్నిటికన్నా ముందు చెయ్యి, నిజానికి పైన రాయాల్సింది.

ఎఫ్-స్పేసింగ్: లావు E తీగ పోల్ పీస్ మధ్య నుంచి సన్న E తీగ పోల్ పీస్ మధ్యకి కొలువు. 49 మి.మీ అటూ ఇటూ ఉంటే మామూలుది, 51 నుంచి 53 ఉంటే వెడల్పుది. డిమార్జియో దీన్ని ఎఫ్-స్పేస్డ్ అంటుంది, డంకన్ ట్రెంబకర్ అంటుంది, జేబీలో ఎస్‌హెచ్-4 మామూలుది, టీబీ-4 వెడల్పుది. పాత పికప్‌ని కాకుండా పికప్ పైన తీగల మధ్య దూరం కొలుచుకుంటే ఇంకా మంచిది. ఒక మిల్లీమీటరు తప్పితే సౌండేం కొంపలంటుకోదు, కానీ తీగ పోల్ పీస్ పక్కన పోతుంటే చూసినప్పుడల్లా నీకు దురద పుడుతుంది, అంత డబ్బు పెట్టినప్పుడు కరెక్టుదే తీసుకో.

వైరింగ్ నువ్వే చేస్తానన్నావు కాబట్టి: నాలుగు వైర్లున్న మోడలే తీసుకో, లేకపోతే నీ కాయిల్ స్ప్లిట్ పోతుంది. డంకన్ అయితే నలుపు హాట్, ఆకుపచ్చా బేర్ వైరూ గ్రౌండ్, ఎరుపూ తెలుపూ కలిపి స్ప్లిట్‌కి. డిమార్జియో అయితే ఎరుపు హాట్, ఆకుపచ్చా బేర్ వైరూ గ్రౌండ్, నలుపూ తెలుపూ కలిపి స్ప్లిట్‌కి. రెండు కంపెనీల రంగులూ కలగాపులగం చేసి నెట్‌లో దొరికిన ఏదో బొమ్మ చూసి అతికిస్తే కాయిల్స్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అంతా అయ్యాక స్విచ్ రెండో పొజిషన్లో, అంటే బ్రిడ్జ్, మిడిల్ కలిసినప్పుడు, ముక్కుతో పాడినట్టు పీలగా వస్తే కొత్త పికప్ పాత మిడిల్‌తో ఫేజ్ తిరగబడినట్టు, అంటే రెండు సిగ్నల్సూ ఒకదానికొకటి ఎదురు నడుస్తున్నట్టు. హాట్, ఆకుపచ్చ రెండూ అటుదిటు మార్చు, బేర్ వైరు మాత్రం గ్రౌండ్ నుంచి కదిలించకు. పాట్ వెనక గ్రౌండ్ అతికేటప్పుడు 25 వాట్ల ఐరన్‌తో నిమిషం సేపు కాలుస్తూ కూర్చోకు, పాట్ లోపల కాలిపోతుంది. కొంచెం గీకి, పేస్ట్ రాసి, వేడి ఎక్కువున్న ఐరన్‌తో గబుక్కున అతికి తీసెయ్యి. తీగలన్నీ ఒకేసారి తీసేస్తే ట్రెమొలో (స్ప్రింగుల మీద కదిలే బ్రిడ్జ్) వెనక్కి పడిపోతుంది, దాని కింద ఏదైనా చెక్క ముక్క పెట్టి తియ్యి.

హమ్ కూడా తగ్గుతుందా అని అడిగావు. తగ్గదు. ఇప్పుడున్నదీ హంబకరే. నువ్వు చెప్పిన జనరేటర్ మీద వచ్చే హమ్ ఎర్తింగ్ లేక వచ్చేది, లైట్ల డిమ్మర్లూ గిటార్ లైనూ ఒకే బోర్డు మీద ఉంటే ఇంకా ఎక్కువ. సౌండ్ వాళ్ళ లైన్‌లోంచే పవర్ తీసుకో, లైటింగ్ వాళ్ళ బోర్డులో మాత్రం గుచ్చకు.

మూడూ సింగిల్ కాయిల్సే ఉన్న స్ట్రాట్ వాళ్ళు కూడా ఇక్కడ అడుగుతున్నారు కాబట్టి ఒక కేసు చెప్తా. చర్చి వర్షిప్ టీముల్లో వాయించే కుర్రాళ్ళు చాలామంది నా దగ్గరికొస్తారు, నిజం చెప్పాలంటే మన కోస్తాలో ఎలక్ట్రిక్ గిటార్ బతుకుతున్నదే వాళ్ళ వల్ల. అందులో ఒకబ్బాయి బ్రిడ్జ్ దగ్గర చెక్క తొలిచి హంబకర్ పెట్టమని పట్టుబట్టాడు. తొలవక్కర్లేదు, సింగిల్ కాయిల్ సైజులోనే వచ్చే హంబకర్లున్నాయి, డంకన్‌లో హాట్ రైల్స్, లిటిల్ '59, డిమార్జియోలో చాపర్ లాంటివి. అతను వాయించేది ఎక్కువ డిలే, రివర్బ్‌తో తేలిపోయే పార్టులు, హాట్ రైల్స్ వేస్తే డిలేలన్నీ పేస్టులా అతుక్కుపోతాయి, అందుకే లిటిల్ '59 వేశాం, ఇప్పటికీ అదే వాడుతున్నాడు. ఇంకొకాయనది లెస్ పాల్ తరహా గిటారు, ఎవరో సెరామిక్ వేడి పికప్ వేసిచ్చారు, గెయిన్ పెడితే కలిపి కొట్టిన స్వరాల్లో ఏది ఏదో తెలిసేది కాదు. ఆయనకి నీకు చెప్పినదానికి పూర్తిగా ఎదురు మందు, ఆల్నికో 2 ఉన్న డంకన్ పెర్లీ గేట్స్, ఎనిమిదిన్నర కిలో ఓమ్‌లు కూడా లేనిది. అవుట్‌పుట్ తగ్గింది, స్టేజి మీద గట్టిగా వినపడటం మొదలైంది.

కొనేటప్పుడు పేరున్న మ్యూజిక్ షాపులోనో వాళ్ళ సైట్లోనో బిల్లుతో తీసుకో, ఈ బ్రాండ్లు మన దగ్గరికొచ్చేసరికి డ్యూటీతో కలిపి పది వేల అటూ ఇటూ అవుతాయి. అదే పికప్ రెండు వేలకి ఎక్కడైనా కనిపిస్తే అది అదే పికప్ కాదు. చేతికి రాగానే పైన చెప్పిన మీటర్‌తో కొలిచి చూసుకో, సూపర్ డిస్టార్షన్ అని చెప్పి 8 చూపిస్తే తిరిగి పంపించెయ్యి. అంత బడ్జెట్ లేకపోతే విల్కిన్సన్, టోన్‌రైడర్ లాంటివి ఉన్నాయి, సెకండ్ హ్యాండ్ డిమార్జియో దొరికినా భయం లేదు, పికప్‌లో అరిగిపోయే భాగం ఏదీ లేదు, వైరు మరీ పొట్టిగా కత్తిరించి ఉందేమో ఒక్కటి చూసుకో.

పాత పికప్ పారెయ్యకు, ఎప్పుడైనా గిటార్ అమ్మాల్సొస్తే తిరిగి వేసి ఇవ్వొచ్చు. ముందు ఆ మీటర్ రీడింగూ, తీగల మధ్య దూరమూ కొలిచి ఇక్కడ పెట్టు, వైర్‌లెస్ తీసేస్తే తేడా వచ్చిందో లేదో కూడా రాయి, అది చూశాకే ఆర్డర్ పెడుదువుగాని.